సి లాంగ్వేజ్‌లో స్ట్రింగ్‌ను ఇంటిజర్‌గా మార్చడం: మొదటి లూప్ నుంచి నమ్మదగిన ఫంక్షన్ దాకా

కీబోర్డ్ మీద 25 అని కొట్టినా, ఫైల్ నుంచి 25 అని చదివినా, కమాండ్ లైన్‌లో 25 అని ఇచ్చినా సి ప్రోగ్రామ్‌కు అందేది ఇరవై ఐదు అనే సంఖ్య కాదు. '2', '5' అనే రెండు అక్షరాలు మాత్రమే. వాటిని సంఖ్యగా మార్చే పని మనదే. ఇందుకు ఒక్క లైన్ చాలని చాలా పాఠాల్లో చెప్పి వదిలేస్తారు. ఇన్‌పుట్ సరిగ్గా ఉన్నంతసేపు ఆ ఒక్క లైన్ చక్కగానే పనిచేస్తుంది. అసలు పని మొదలయ్యేది తప్పు ఇన్‌పుట్ వచ్చినప్పుడే. తప్పును తప్పుగా గుర్తించి వెనక్కి పంపడం వస్తేనే మార్చడం వచ్చినట్టు లెక్క.

ఒక చిన్న గమనిక. ఇక్కడ కోడ్ లైన్లను కూడా చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కంపైలర్‌కు ఇచ్చేటప్పుడు కీవర్డ్‌లు, లైబ్రరీ ఫంక్షన్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి.

మెమరీలో ఏముందో ముందు చూద్దాం

"407" అనే స్ట్రింగ్ మెమరీలో నాలుగు బైట్లు. ప్రతి అక్షరానికి ఒక సంఖ్యను కేటాయించే ఆస్కీ కోడ్ ప్రకారం వాటి విలువలు వరుసగా 52, 48, 55, 0. చివరి 0 స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే గుర్తు, దాన్ని కోడ్‌లో '\0' అని రాస్తాం. అదే 407ను ఇంట్ వేరియబుల్‌లో పెడితే, మనం రోజూ వాడే ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లలో ఆ నాలుగు బైట్లు 151, 1, 0, 0 అవుతాయి. 151 + 256 = 407. రెండూ నాలుగేసి బైట్లే అయినా వాటిలో ఉన్నదానికి పోలికే లేదు.

అందుకే టైప్ కాస్టింగ్ ఇక్కడ పనికిరాదు. స్ట్రింగ్ ముందు బ్రాకెట్లో ఇంట్ అని పెడితే ఆ స్ట్రింగ్ ఉన్న మెమరీ అడ్రస్ సంఖ్యగా మారుతుంది. '4' అనే ఒక్క అక్షరాన్ని కాస్ట్ చేస్తే 4 రాదు, 52 వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పై బైట్లను ఒకసారి కాగితం మీద రాసుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది.

మొదటి మెట్టు: చేత్తో రాయండి

లైబ్రరీ ఫంక్షన్ ఉండగా మళ్లీ సొంతంగా రాయడం ఎందుకని అనిపించవచ్చు. ఒక్కసారైనా రాయాలి. ఇంటర్వ్యూలో అడుగుతారన్నది ఒక కారణం. లైబ్రరీ ఎక్కడ ఎందుకు ఆగుతుందో సొంతంగా రాసినవాళ్లకే బాగా అర్థమవుతుందన్నది అంతకన్నా పెద్ద కారణం.

మొత్తం లెక్క ఒక్క లైన్‌లో ఉంది:

    విలువ = విలువ * 10 + (అక్షరం - '0');

విలువను 0తో మొదలుపెట్టి, ఎడమ నుంచి ఒక్కో అక్షరం తీసుకుంటూ ఈ లైన్‌ను లూప్‌లో నడపాలి. "407" తీసుకుంటే, '4' దగ్గర 0 * 10 + 4 = 4. '0' దగ్గర 4 * 10 + 0 = 40. '7' దగ్గర 40 * 10 + 7 = 407. తర్వాతి అక్షరం అంకె కాకపోతే లూప్ ఆగుతుంది.

అక్షరం నుంచి '0'ను తీసివేయడం ఎందుకంటే, '0' నుంచి '9' వరకు పది అంకెల కోడ్‌లూ ఒకదాని వెంట ఒకటి వరుసగా ఉండి తీరాలని సి స్టాండర్డ్ హామీ ఇస్తోంది. ఆస్కీలో అవి 48 నుంచి 57. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లలో వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో 240 నుంచి 249. రెండుచోట్లా వరుస తప్పదు. కాబట్టి కోడ్‌లో 48 అని అంకె వేయకండి, '0' అనే రాయండి. ఎక్కడైనా పనిచేస్తుంది, చదివేవాళ్లకూ తేలిక.

మైనస్ గుర్తు ఉంటే? లూప్‌కు ముందే మొదటి అక్షరం '-' అవునో కాదో చూసి గుర్తు పెట్టుకుని, ఒక అడుగు ముందుకు జరగాలి. '+' ఉన్నా జరగాలి.

రెండో మెట్టు: పొంగిపోకుండా ఆపడం

ఇక్కడ తొందరపడకండి. 32 బిట్ల ఇంట్‌లో పట్టే గరిష్ఠ విలువ 2147483647, కనిష్ఠ విలువ -2147483648. ఇన్‌పుట్‌లో "2147483648" వస్తే మన లూప్ చివరి అంకె దగ్గర హద్దు దాటుతుంది. సైన్డ్ ఇంటిజర్ (మైనస్ విలువలు కూడా పట్టే టైప్) ఇలా హద్దు దాటితే, అంటే ఓవర్‌ఫ్లో అయితే ఏం జరగాలో సి స్టాండర్డ్ చెప్పదు. దాన్నే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు. మైనస్ సంఖ్య రావచ్చు, ఇంకేదైనా కావచ్చు.

చాలామంది ముందు గుణించేసి, తర్వాత "విలువ మైనస్ అయిందా" అని చూస్తారు. ఈ పద్ధతి వాడొద్దు. సైన్డ్ ఓవర్‌ఫ్లో ఎప్పటికీ జరగదనే నమ్మకంతో కంపైలర్ కోడ్‌ను ఆప్టిమైజ్ చేస్తుంది. జరగని దానికి పరీక్ష ఎందుకని ఆ ఇఫ్‌ను పూర్తిగా తీసేసే హక్కు దానికి ఉంది. డీబగ్ బిల్డ్‌లో బాగా పనిచేసిన చెక్ రిలీజ్ బిల్డ్‌లో మాయమైతే, కారణం పట్టుకోవడానికి తల ప్రాణం తోకకు వస్తుంది.

సరైన పద్ధతి ఏమిటంటే, గుణించడానికి ముందే చూసుకోవడం:

    ఇఫ్ (విలువ > (గరిష్ఠం - అంకె) / 10) ఓవర్‌ఫ్లో;

లెక్క వేసి చూద్దాం. ఇప్పటిదాకా విలువ 214748364, తర్వాతి అంకె 7. (2147483647 - 7) / 10 అంటే 214748364. విలువ దానికన్నా పెద్దది కాదు, కాబట్టి ముందుకు వెళ్లొచ్చు, 2147483647 సరిగ్గా పడుతుంది. అంకె 8 అయితే (2147483647 - 8) / 10 అంటే ఇంటిజర్ భాగహారంలో 214748363. విలువ దానికన్నా పెద్దది, ఆపేయాలి. హద్దు దగ్గర ఒక్క అంకె తేడాను కూడా ఈ చెక్ పట్టుకుంటుంది.

ఇంకో చిక్కు ఉంది. మైనస్ వైపు హద్దు ప్లస్ వైపు కన్నా ఒకటి ఎక్కువ. "-2147483648" సరైన ఇన్‌పుటే. కానీ ముందు 2147483648 తయారుచేసి తర్వాత మైనస్ పెడదామంటే, ఆ మధ్యలోని విలువ ఇంట్‌లో పట్టదు. అందుకని మైనస్ గుర్తు కనిపిస్తే మొదటి నుంచీ మైనస్ వైపే పోగుచేయాలి: విలువ = విలువ * 10 - అంకె. దానికి ముందు చెక్ కూడా తిరగబడుతుంది: విలువ < (కనిష్ఠం + అంకె) / 10 అయితే ఓవర్‌ఫ్లో. సి99 (1999 నాటి స్టాండర్డ్) నుంచి ఇంటిజర్ భాగహారం ఎప్పుడూ సున్నా వైపే కత్తిరిస్తుంది కాబట్టి ఈ లెక్క తప్పదు.

ఏటుఐ ఎందుకు వద్దంటున్నాను

ఏ, టి, ఓ, ఐ అనే నాలుగు అక్షరాల ఫంక్షన్ దాదాపు ప్రతి సి పాఠంలోనూ కనిపిస్తుంది. స్ట్రింగ్ ఇస్తే ఇంట్ ఇస్తుంది, అంతే. కానీ "0" ఇస్తే 0 ఇస్తుంది, "హలో" ఇచ్చినా 0 ఇస్తుంది, ఖాళీ స్ట్రింగ్ ఇచ్చినా 0 ఇస్తుంది. ఈ మూడింటిలో ఏది జరిగిందో తెలుసుకునే దారి లేదు. "12కిలోలు" ఇస్తే 12 ఇచ్చి మిగిలినదాన్ని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఇంట్‌లో పట్టని సంఖ్య ఇస్తే అన్‌డిఫైన్డ్ బిహేవియరే.

బ్యాంకు ఖాతా నుంచి ఎంత తీయాలని అడిగితే, పొరపాటున టైప్ చేసిన అక్షరం 0 రూపాయలుగా మారడం చిన్న విషయం కాదు. కార్లు, వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌లో పాటించే మిస్రా సి 2012 నియమాల్లో ఏటుఐ కుటుంబానికి చోటు లేదు, 21.7 నియమం దాన్ని నిషేధించింది. సురక్షితమైన కోడ్ రాయడానికి ఉన్న సెర్ట్ సి నియమాలు కూడా స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చేటప్పుడు తప్పులను పట్టుకుని తీరాలంటాయి. మీరు రాసేది కాలేజీ ల్యాబ్ ప్రోగ్రామ్ అయినా సరే, ఈ అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

స్ట్రింగ్ నుంచి విలువలు చదివే ఎస్‌స్కాన్ఎఫ్ ఫంక్షన్‌లో పర్సెంట్ డి వాడితే కనీసం అంకెలు దొరికాయా లేదా అన్నది తెలుస్తుంది. కానీ "12కిలోలు" అక్కడ కూడా దాటిపోతుంది. ఓవర్‌ఫ్లోకు అక్కడా రక్షణ లేదు.

మూడో మెట్టు: స్ట్ర్‌టోల్

ఎస్, టి, ఆర్, టి, ఓ, ఎల్. ఈ ఆరు అక్షరాలు కలిపి రాస్తే స్ట్రింగ్‌ను లాంగ్‌గా మార్చే ఫంక్షన్. 1989 నాటి మొదటి ఆన్సీ స్టాండర్డ్ నుంచీ ఉంది, ఎస్‌టీడీలిబ్ హెడర్‌లో దొరుకుతుంది. దీనికి మూడు ఇవ్వాలి: స్ట్రింగ్, ఎక్కడ ఆగిందో చెప్పడానికి ఒక పాయింటర్ అడ్రస్, బేస్ (సంఖ్య ఎన్ని అంకెల పద్ధతిలో ఉందో చెప్పేది; మనం రోజూ వాడేది 10).

రెండోదే దీని ప్రాణం. ఫంక్షన్ ముందున్న ఖాళీలను దాటి, గుర్తు ఉంటే తీసుకుని, అంకెలు ఉన్నంతవరకు చదివి, చదవలేని మొదటి అక్షరం అడ్రస్‌ను ఆ పాయింటర్‌లో పెడుతుంది. అసలు ఒక్క అంకె కూడా దొరకకపోతే పాయింటర్ స్ట్రింగ్ మొదటికే చూపిస్తుంది. "0"కీ "హలో"కీ తేడా ఇలా తేలుతుంది: రెండింటికీ 0 వచ్చినా, మొదటిదాంట్లో పాయింటర్ ఒక అడుగు ముందుకు జరుగుతుంది, రెండోదాంట్లో ఉన్నచోటే ఉంటుంది.

సంఖ్య లాంగ్‌లో పట్టకపోతే లాంగ్ గరిష్ఠ విలువో, కనిష్ఠ విలువో ఇచ్చి, ఎర్నో అనే వేరియబుల్‌లో ఈరేంజ్ అనే గుర్తు పెడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఏ లైబ్రరీ ఫంక్షనూ ఎర్నోను తిరిగి 0 చేయదు. ఎప్పుడో ముందు జరిగిన తప్పు గుర్తు అందులో అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి స్ట్ర్‌టోల్‌ను పిలిచే ముందు ఎర్నో = 0 అని మనమే పెట్టాలి. ఈ ఒక్క లైన్ మరిచిపోతే సరైన ఇన్‌పుట్‌కు కూడా అప్పుడప్పుడు తప్పు అని వస్తుంది. అప్పుడప్పుడే వచ్చే బగ్ వెతకడం ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

మూడోది బేస్. 2 నుంచి 36 వరకు ఏదైనా ఇవ్వొచ్చు, లేదా 0 ఇవ్వొచ్చు. 0 ఇస్తే స్ట్రింగ్ మొదలును బట్టి ఫంక్షనే నిర్ణయించుకుంటుంది: సున్నా, ఎక్స్‌తో మొదలైతే 16, ఉత్త సున్నాతో మొదలైతే 8, లేకపోతే 10. వినడానికి సౌకర్యంగానే ఉంటుంది. కానీ తేదీలో నెల "08" అని వస్తే, సున్నాతో మొదలైంది కాబట్టి ఆక్టల్ (బేస్ 8) అనుకుంటుంది. ఆక్టల్‌లో 8 అనే అంకె లేదు. 0 ఇచ్చి 8 దగ్గర ఆగిపోతుంది. జనవరి నుంచి జూలై వరకు బాగా నడిచిన ప్రోగ్రామ్ ఆగస్టులో, సెప్టెంబర్‌లో దెబ్బతింటుంది. మనుషులు టైప్ చేసే ఇన్‌పుట్‌కు బేస్ 10 అని స్పష్టంగా ఇవ్వండి.

నాలుగో మెట్టు: అన్నీ కలిపి ఒక ఫంక్షన్

ఎర్నో, సీటైప్, ఎస్‌టీడీలిబ్ హెడర్‌లను చేర్చుకుని ఇది రాసుకుంటే చాలాకాలం పనికొస్తుంది:

    ఇంట్ సంఖ్యగా_మార్చు(కాన్స్ట్ చార్ *పాఠం, ఇంట్ కనిష్ఠం,
                      ఇంట్ గరిష్ఠం, ఇంట్ *ఫలితం)
    {
        చార్ *ఆగినచోటు;
        ఎర్నో = 0;
        లాంగ్ విలువ = స్ట్ర్‌టోల్(పాఠం, &ఆగినచోటు, 10);

        ఇఫ్ (ఆగినచోటు == పాఠం) రిటర్న్ 1;   // అంకెలే లేవు
        ఇఫ్ (ఎర్నో == ఈరేంజ్) రిటర్న్ 2;   // లాంగ్‌లో పట్టలేదు
        ఇఫ్ (విలువ < కనిష్ఠం || విలువ > గరిష్ఠం) రిటర్న్ 2;

        వైల్ (ఈజ్‌స్పేస్((అన్‌సైన్డ్ చార్)*ఆగినచోటు)) ఆగినచోటు++;
        ఇఫ్ (*ఆగినచోటు != '\0') రిటర్న్ 3;   // వెనక చెత్త ఉంది

        *ఫలితం = (ఇంట్)విలువ;
        రిటర్న్ 0;
    }

ఫలితాన్ని రిటర్న్ విలువగా కాకుండా పాయింటర్ ద్వారా ఇవ్వడం కావాలని చేసిందే. రిటర్న్ విలువ పూర్తిగా "జరిగిందా, లేదా" అన్నదానికే ఉండాలి. ఫలితం, తప్పు రెండూ ఒకే దారిలో వస్తే మళ్లీ ఏటుఐ చిక్కే వస్తుంది. తప్పు జరిగినప్పుడు ఫలితం వేరియబుల్‌ను ఈ ఫంక్షన్ ముట్టుకోదు కూడా.

హద్దుల పరీక్ష రెండుసార్లు ఎందుకు? 64 బిట్ల లైనక్స్‌లో లాంగ్ అంటే 64 బిట్లు. అక్కడ "3000000000" లాంగ్‌లో హాయిగా పడుతుంది, ఎర్నో మారదు, కానీ ఇంట్‌లో పట్టదు. దాన్ని పట్టుకునేది రెండో పరీక్ష. 64 బిట్ల విండోస్‌లో లాంగ్ ఇంకా 32 బిట్లే. అక్కడ అదే ఇన్‌పుట్‌ను మొదటి పరీక్ష పట్టుకుంటుంది. ఏ ఒక్కటి తీసేసినా ఏదో ఒక సిస్టమ్‌లో కోడ్ అబద్ధం చెబుతుంది. వయసుకు 0 నుంచి 150, నెలకు 1 నుంచి 12 అని పిలిచేవాళ్లే హద్దులు ఇవ్వడం వల్ల ఇంకో ఇఫ్ కూడా తప్పుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్ట్ర్‌టోనమ్ అనే ఫంక్షన్ ఇలాగే కనిష్ఠం, గరిష్ఠం అడిగి తీసుకుంటుంది.

చివరి ఖాళీలను దాటే వైల్ లూప్, ఇన్‌పుట్‌ను లైన్ లైన్‌గా చదివే ఎఫ్‌గెట్స్ ఫంక్షన్ కోసం. ఎఫ్‌గెట్స్‌తో లైన్ చదివితే చివర న్యూలైన్ కూడా వస్తుంది. విండోస్‌లో తయారైన ఫైల్‌ను లైనక్స్‌లో చదివితే దాని ముందు క్యారేజ్ రిటర్న్ కూడా ఉంటుంది. ఈ లూప్ రెండింటినీ దాటిస్తుంది.

ఇన్‌పుట్ చదవడానికి స్కాన్ఎఫ్ వద్దు, ఎఫ్‌గెట్సే వాడండి. స్కాన్ఎఫ్‌లో పర్సెంట్ డి పెట్టి లూప్ రాస్తే, ఎవరైనా అక్షరం కొట్టగానే అది బఫర్‌లోనే ఉండిపోయి లూప్ ఆగకుండా తిరుగుతుంది. ఎఫ్‌గెట్స్ మొత్తం లైన్‌ను తీసేసుకుంటుంది. బఫర్ కాస్త పెద్దదే పెట్టుకుని, చదివిన లైన్‌లో న్యూలైన్ లేకపోతే లైన్ మధ్యలో తెగిందని గుర్తించండి. లేకపోతే ఒకే సంఖ్య రెండు ముక్కలై రెండు సంఖ్యలుగా లోపలికి వస్తుంది.

మన దగ్గర వచ్చే ఇన్‌పుట్‌లు

లక్షా ఇరవై ఐదు వేలను మనం "1,25,000" అని రాస్తాం. స్ట్ర్‌టోల్‌కు మామూలుగా కామా అంటే ఏమిటో తెలియదు. 1 చదివి ఆగిపోతుంది. ఏటుఐ వాడి ఉంటే లక్షా ఇరవై ఐదు వేలు ఒక్క రూపాయి అయిపోయేది, తెలిసేది కూడా కాదు. మన ఫంక్షన్ 3 ఇచ్చి తిప్పి పంపుతుంది. కామాలను ఒప్పుకోవాలంటే ముందే తీసేసి మార్చొచ్చు. అయితే కామా ఎక్కడున్నా తీసేస్తే "1,2" కూడా 12 అయిపోతుంది. కుడి నుంచి మొదటి కామా మూడంకెల తర్వాత, ఆపైన రెండేసి అంకెలకు ఒకటి ఉన్నాయో లేదో చూసి తీయడం మంచిది.

ఫోన్ నంబర్‌ను ఇంట్‌గా మార్చకండి. 9తో మొదలయ్యే పదంకెల నంబర్ ఏదీ 2147483647లో పట్టదు. పన్నెండు అంకెల ఆధార్ సంగతి చెప్పే పనే లేదు. లాంగ్ లాంగ్‌లో పడతాయి కదా అనొచ్చు. పడతాయి, కానీ వాటిని కూడేది లేదు, గుణించేది లేదు. ముందు సున్నా ఉంటే అది కూడా పోతుంది. అవి స్ట్రింగ్‌లుగానే ఉండాలి.

తెలుగు అంకెలు వస్తే? "౪౦౭" అని ఎవరైనా టైప్ చేస్తే స్ట్ర్‌టోల్ ఒక్క అంకె కూడా లేదంటుంది. అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అంకె మూడు బైట్లు. ౦ అంటే 224, 177, 166. ౯ అంటే 224, 177, 175. అంటే "౪౦౭" పొడవు స్ట్ర్‌లెన్ ప్రకారం 9. ఇవి కూడా వరుసగానే ఉన్నాయి కాబట్టి మార్చడం కష్టమేమీ కాదు. మొదటి రెండు బైట్లు 224, 177 అవునో కాదో చూసి, మూడో బైట్ 166కూ 175కూ మధ్య ఉంటే, దాంట్లోంచి 166 తీసేస్తే అంకె వస్తుంది. ౪కు మూడో బైట్ 170, అంటే 170 - 166 = 4. ఇక్కడి నుంచి మన మొదటి మెట్టు లెక్క (విలువ * 10 + అంకె) అలాగే పనిచేస్తుంది, ఒక్కో అంకెకు మూడు బైట్లు ముందుకు జరగాలి. తెలుగులో ఫారమ్‌లు నింపించుకునే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

ఇందులో ఒక గోతి ఉంది. చాలా కంప్యూటర్లలో ఉత్త చార్ సైన్డ్. 224 అందులో -32గా కనిపిస్తుంది. కాబట్టి పోల్చేముందు అన్‌సైన్డ్ చార్‌గా మార్చాలి. ఈజ్‌డిజిట్, ఈజ్‌స్పేస్ లాంటి ఫంక్షన్లకు మైనస్ విలువ ఇస్తే అన్‌డిఫైన్డ్ బిహేవియర్, పైన కోడ్‌లో ఆ కాస్ట్ పెట్టింది అందుకే. ఇంగ్లిష్ ఇన్‌పుట్‌తోనే పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. తెలుగు అక్షరం ఒక్కటి వచ్చిన రోజే బయటపడుతుంది.

మైనస్ రాకూడని చోట, అన్‌సైన్డ్ లాంగ్ ఇచ్చే స్ట్ర్‌టోయుఎల్ వాడితే సరిపోతుందని కూడా అనుకోవద్దు. అది "-1"ని తిరస్కరించదు. 64 బిట్ల లైనక్స్‌లో 18446744073709551615 ఇస్తుంది, తప్పు జరిగిందని ఎర్నోలో ఏ గుర్తూ పెట్టదు. స్ట్ర్‌టోల్‌తోనే చదివి కనిష్ఠం 0 అని ఇవ్వండి.

పరీక్షించడం

ఫంక్షన్ రాశాక కనిష్ఠం, గరిష్ఠం రెండింటికీ ఇంట్ హద్దులే ఇచ్చి వీటిని నడపండి. "0", "-0", "+7", "  42", న్యూలైన్‌తో ముగిసే "42", "007", "2147483647", "-2147483648" అన్నీ 0 రిటర్న్ చేయాలి. ఖాళీ స్ట్రింగ్, ఉత్త ఖాళీలు, "-", "+-5", "హలో" 1 ఇవ్వాలి. "2147483648", "-2147483649", 9ని వరుసగా ఇరవై సార్లు రాసిన సంఖ్య 2 ఇవ్వాలి. "12కిలోలు", "1,25,000", "4 2", "3.5" 3 ఇవ్వాలి. ఒక్క గుర్తే ఉన్న "-" దగ్గర సొంతంగా రాసిన లూప్‌లు ఎక్కువగా తప్పుతాయి, ఎందుకంటే గుర్తు దాటాక అంకె వచ్చిందా అని చూడటం మరిచిపోతారు.

మీరు చేత్తో రాసిన లూప్‌ను కూడా ఇదే జాబితాతో నడపండి. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండింటిలోనూ అన్‌డిఫైన్డ్ బిహేవియర్‌ను పట్టిచ్చే శానిటైజర్ ఉంది. దాన్ని ఆన్ చేసి కంపైల్ చేస్తే, ఓవర్‌ఫ్లో జరిగిన క్షణంలోనే ఏ ఫైల్‌లో ఏ లైన్ అన్నది స్క్రీన్ మీద చూపిస్తుంది.